రూట్ కెనాల్: నొప్పి పోయిందని మధ్యలోనే ఆపేస్తున్నారా..? అసలు డేంజర్ అక్కడే!

రాత్రంతా పన్ను సలుపు. ఒక్క కునుకు లేదు. తెల్లారగానే డెంటిస్ట్ దగ్గరికి పరుగు. ఎక్స్‌రే తీసి రూట్ కెనాల్ చేయాలన్నారు. మొదటి సిట్టింగ్ అయిపోయింది.. నొప్పి మాయం! రెండో సిట్టింగ్‌కి వచ్చే వారం రమ్మన్నారు. ఈలోగా ఆఫీస్ పని, ఇంట్లో పెళ్లి, పిల్లల పరీక్షలు. వారం కాస్తా నెలైంది. నెల కాస్తా "సంక్రాంతి అయ్యాక చూద్దాంలే" వరకు వెళ్లింది. ఇది చాలా ఇళ్లలో జరిగే కథే. రూట్ కెనాల్ మొదలుపెట్టిన పన్నును చివరికి పీకించుకోవాల్సి రావడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. నొప్పి తగ్గడం వేరు, ట్రీట్‌మెంట్ పూర్తవడం వేరు. ఈ తేడా ఏంటో, కుర్చీలో కూర్చునే ముందు పేషెంట్ ఏం తెలుసుకోవాలో చూద్దాం.

పన్ను లోపల అసలు ఏముంది..?

పైకి రాయిలా కనిపించే పన్ను లోపల ఖాళీగా ఒక చిన్న గది ఉంటుంది. అందులో మెత్తటి కండ లాంటి పదార్థం, దాంట్లో సన్నటి నరాలు, రక్తనాళాలు ఉంటాయి. దీన్నే పల్ప్ అంటారు. మనం మామూలుగా "పన్ను నరం" అనేది దీన్నే. ఆ గది నుంచి వేర్ల చివరి దాకా వెంట్రుకల్లాంటి సన్నటి దారులు వెళ్తాయి. అవే కెనాల్స్. ముందు పళ్లకు సాధారణంగా ఒకటే ఉంటుంది. దవడ పళ్లకు మూడు, ఒక్కోసారి నాలుగు ఉంటాయి. పై దవడలో మొదటి పెద్ద పన్నుకైతే నాలుగో దారి ఉండటం చాలా మామూలు. కానీ అది ఎంత సన్నగా ఉంటుందంటే, జాగ్రత్తగా వెతక్కపోతే కంటికి కనిపించదు. దవడ పన్నుకు ఎక్కువ టైమ్, ఎక్కువ డబ్బు ఎందుకు అవుతుందో ఇప్పుడు అర్థమైందిగా..

పన్ను పుచ్చిపోయి, ఆ పుచ్చు లోపలి గది దాకా వెళ్తే అక్కడికి బ్యాక్టీరియా చేరుతుంది. పల్ప్ వాస్తుంది. చర్మం మీద దెబ్బ తగిలితే వాపు బయటికి ఉబ్బుతుంది. కానీ పల్ప్ చుట్టూ ఉన్నది గట్టి గోడ. ఉబ్బడానికి చోటు లేదు. ఆ ఒత్తిడి మొత్తం నరం మీదే పడుతుంది. పన్ను నొప్పి అంత దారుణంగా ఉండేది అందుకే. పడుకుంటే తల వైపు రక్తం ఎక్కువగా చేరి నొప్పి ఇంకా పెరుగుతుంది. పగలు కాస్త ఓర్చుకున్నవాళ్లు కూడా అర్ధరాత్రి లేచి కూర్చోవడానికి కారణం ఇదే.

నొప్పి దానంతటదే తగ్గిపోయిందా? సంబరపడొద్దు!

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. నాలుగు రోజులు విలవిల్లాడించిన పన్ను, ఐదో రోజు హఠాత్తుగా నెమ్మదిస్తుంది. చల్లనీళ్లు తాగినా జివ్వుమనదు. "లవంగం పెట్టుకున్నా, తగ్గిపోయింది" అనుకుంటారు. లవంగ నూనెలో ఉండే యూజెనాల్ కాసేపు నొప్పిని మొద్దుబార్చే మాట నిజమే. కానీ అంత నొప్పి పూర్తిగా ఆగిపోయిందంటే, చాలా సార్లు లోపల నరం చచ్చిపోయిందని అర్థం. నొప్పి చెప్పడానికి నరమే లేనప్పుడు నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాక్టీరియా మాత్రం లోపలే ఉంటుంది. చచ్చిన పల్ప్‌ని తింటూ పెరిగి, వేరు కొస నుంచి బయటికి వచ్చి దవడ ఎముకలో చీము పట్టిస్తుంది. కొన్ని వారాలకో, నెలలకో చిగురు మీద చిన్న పొక్కు లేస్తుంది. నొక్కితే చీము వస్తుంది, మళ్లీ తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. కొందరికి పన్ను రంగు మారి బూడిద రంగులోకి తిరుగుతుంది. పన్ను అలా మారినా, పొక్కు కనిపించినా నొప్పి లేదని ఊరుకోవద్దు.

లవంగం సంగతి అలా ఉంచితే, ఆస్పిరిన్ బిళ్లను నూరి చిగురు మీద పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అది యాసిడ్. చిగురు, బుగ్గ లోపలి చర్మం కాలి తెల్లగా ఊడిపోతుంది. జర్దా, పొగాకు పెట్టడం కూడా అంతే. పన్ను బాగవదు సరికదా, కొత్త సమస్య మొదలవుతుంది.

మెడికల్ షాపు యాంటీబయాటిక్‌తో పని జరుగుతుందా?

జరగదు. కారణం చాలా సింపుల్. మింగిన మాత్ర రక్తంలో కలిసి, రక్తం ద్వారానే ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి వెళ్లాలి. చచ్చిపోయిన పల్ప్‌కి రక్తప్రసరణే ఉండదు. ఇక మందు ఎలా చేరుతుంది? కోర్సు మొత్తం వాడినా పన్ను లోపలి బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది. చుట్టుపక్కల వాపు కాస్త తగ్గి, బాగైపోయిందన్న భ్రమ మాత్రం కలుగుతుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది. డెంటిస్ట్ దగ్గర వెంటనే ట్రీట్‌మెంట్ దొరికే పరిస్థితి ఉంటే, చాలా రకాల పన్ను నొప్పులకు యాంటీబయాటిక్ అవసరం లేదని చెప్పింది. జ్వరం, ముఖం వాపు లాంటివి ఉంటే కథ వేరు. అప్పుడు డాక్టరే రాస్తారు. అంతేగానీ పోయినసారి మిగిలిన మాత్రలో, పక్కింటివాళ్లకు రాసిన మాత్రలో వేసుకోవడం వల్ల లాభం లేదు.

ప్రతి జివ్వుకీ రూట్ కెనాల్ అక్కర్లేదు

ఐస్‌క్రీమ్ తగలగానే పన్ను జివ్వుమని, అది తీసేయగానే రెండు మూడు సెకన్లలో మామూలైపోతే పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలోనే ఉండొచ్చు. పుచ్చు తీసి సిమెంట్ పెడితే, లేదా సెన్సిటివిటీకి ట్రీట్‌మెంట్ తీసుకుంటే సరిపోతుంది. చల్లటిది, వేడిది తగిలాక అర నిమిషం దాటినా నొప్పి లాగుతూనే ఉంటే, ఏమీ తినకపోయినా దానంతటదే మొదలైతే, రాత్రుళ్లు నిద్ర లేపుతుంటే, కొరికితే ప్రాణం పోయినట్టుంటే అప్పుడు రూట్ కెనాల్ దాకా వచ్చినట్టే. డెంటిస్టులు ఊరికే నోట్లోకి చూసి చెప్పరు. చల్లటి స్ప్రేలో ముంచిన దూదిని పన్ను మీద పెట్టి చూస్తారు, పన్నును మెల్లగా తట్టి చూస్తారు, చిన్న ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే కూడా తీయకుండా రూట్ కెనాల్ అంటే, తీయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అన్ని పళ్లనూ రూట్ కెనాల్ కాపాడలేదు కూడా. పన్ను నిలువునా వేరు దాకా చీలిపోతే, లేదా పుచ్చు చిగురు కిందికి చాలా లోతుగా వెళ్లిపోతే పీకడమే దారి. గట్టి చెక్కలు, మటన్ బొక్కలు కొరికి పన్ను చిట్లించుకునేవాళ్లలో ఈ చీలిక కేసులు కనిపిస్తుంటాయి.

కుర్చీలో కూర్చున్నాక ఏం చేస్తారు?

ముందు మత్తు ఇంజెక్షన్. ఈ రోజుల్లో రూట్ కెనాల్ చేసేటప్పుడు నొప్పి చాలా వరకు ఉండదు. దాని చుట్టూ ఉన్న భయం అంతా ట్రీట్‌మెంట్‌కు ముందు అనుభవించిన నొప్పిదే. ఒక్క విషయం మాత్రం ముందే తెలిసుంటే మంచిది. విపరీతమైన నొప్పితో ఉన్న కింది దవడ పన్నుకు ఒక్కోసారి మొదటి ఇంజెక్షన్ సరిగ్గా పనిచేయదు. వాచిన నరం మత్తుకు అంత తేలిగ్గా లొంగదు. అలాంటప్పుడు పళ్లు బిగబట్టి ఓర్చుకోవద్దు. చెయ్యి ఎత్తండి, డాక్టర్ మరో ఇంజెక్షన్ ఇస్తారు. మత్తు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అప్పటిదాకా ఏమీ తినకపోవడమే మేలు. తెలియకుండా పెదవో, బుగ్గో కొరుక్కుంటారు.

తర్వాత పన్ను పైన చిన్న రంధ్రం చేసి, లోపలి పల్ప్ తీసేసి, సన్నటి ఫైల్స్‌తో ఒక్కో దారినీ శుభ్రం చేస్తారు. మధ్యమధ్యలో సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతారు. ఇంట్లో బట్టల బ్లీచ్‌లో ఉండేది ఇదే రసాయనం. అంత ఘాటైన ద్రవం నోట్లోకి రాకుండా, ఉమ్ము పన్నులోకి వెళ్లకుండా పన్ను చుట్టూ ఒక పల్చటి రబ్బరు తొడుగు వేస్తారు. దాన్ని రబ్బర్ డ్యామ్ అంటారు. చేతిలోంచి ఫైల్ జారినా గొంతులోకి పోకుండా ఆపేది కూడా అదే. ఖరీదైన మెషీన్ల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న "రబ్బర్ డ్యామ్ వాడతారా?" అన్నదే. హోర్డింగుల మీద లేజర్ గురించి ఉంటుంది కానీ దీని గురించి ఉండదు.

శుభ్రం చేసిన దారుల్ని గట్టాపెర్చా అనే పదార్థంతో నింపి సీల్ చేస్తారు. ఇది మలేషియా ప్రాంతంలో పెరిగే ఒక జాతి చెట్ల పాల నుంచి వస్తుంది. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ కేబుల్‌కు నీళ్లు తగలకుండా చుట్టింది కూడా దీన్నే! నీటిని ఆపే ఆ గుణమే పన్నులోనూ పనికొస్తోంది.

ఇదంతా ఒకే సిట్టింగ్‌లో అవ్వొచ్చు, రెండు మూడు కూడా పట్టొచ్చు. చీము ఉంటే, దారులు వంకరగా ఉంటే లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి కొన్ని రోజులు ఆగుతారు. కాబట్టి "పక్క క్లినిక్‌లో గంటలో చేసేస్తారట" అని డాక్టర్‌ను మార్చేయాల్సిన పని లేదు.

ఆ తాత్కాలిక సిమెంట్‌కి ఎక్స్‌పైరీ ఉంది!

సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య పన్ను రంధ్రాన్ని తాత్కాలిక సిమెంట్‌తో మూస్తారు. పేరులోనే తాత్కాలికం ఉంది. కొన్ని వారాలకు అది అరిగిపోతుంది, అంచుల్లో ఉమ్ము లోపలికి దిగుతుంది. ఉమ్ముతో పాటు బ్యాక్టీరియా. శుభ్రం చేసిన దారులు మళ్లీ మొదటికొస్తాయి. ఈసారి హెచ్చరించడానికి నరం కూడా లేదు. అందుకే పన్ను లోపల పాడవుతున్నా చాలాకాలం తెలియదు. తెలిసేది ముఖం వాచినప్పుడో, పన్ను రెండుగా విరిగినప్పుడో.

ఆ సిమెంట్ మధ్యలో ఊడిపోతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆ రోజే ఫోన్ చేయండి. మళ్లీ పెట్టడం ఐదు నిమిషాల పని. ఆ పన్ను వైపు గట్టివి కొరకొద్దు. మొదటి రెండు మూడు రోజులు కొరికితే నొప్పిగా ఉండటం మామూలే. రోజురోజుకూ తగ్గాలి. పెరుగుతుంటే మాత్రం డాక్టర్‌కు చెప్పాలి.

క్యాప్ అనేది ఎక్స్‌ట్రా బిల్లు కాదు

"రూట్ కెనాల్ అయిపోయింది కదా, క్యాప్ ఎందుకు.. డబ్బులు లాగడానికి" అన్న మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. నిజం ఏంటంటే, పుచ్చు వల్ల సగం, ట్రీట్‌మెంట్ కోసం ఇంకొంత పోయిన పన్ను గోడలు పల్చగా మిగులుతాయి. నమిలేటప్పుడు దవడ పళ్ల మీద పడే బలానికి ఆ గోడలు చీలిపోతాయి. క్యాప్ వాటిని చుట్టూ పట్టి ఉంచుతుంది.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో డెంటల్ ఇన్సూరెన్స్ ఉన్న పేషెంట్ల రికార్డులు తీసి, రూట్ కెనాల్ చేసిన 14 లక్షలకు పైగా పళ్లు ఎనిమిదేళ్ల తర్వాత ఎలా ఉన్నాయో పరిశీలించారు. ఆ ఫలితాలు 2004లో ప్రచురితమయ్యాయి. 97 శాతం పళ్లు నోట్లోనే ఉన్నాయి. పీకేయాల్సి వచ్చిన పళ్లను చూస్తే.. వాటిలో 85 శాతానికి పన్ను మొత్తాన్ని కప్పే క్యాప్ లేదు!

ముందు పళ్లకు మాత్రం ఇది అంత తప్పనిసరి కాదు. పన్ను చాలా వరకు మిగిలి ఉంటే మంచి సిమెంట్ ఫిల్లింగ్ సరిపోవచ్చు. దవడ పళ్లకు క్యాప్ వాయిదా వేయొద్దు. మెటల్, మెటల్ మీద సెరామిక్, జిర్కోనియా.. ఇలా రకాలున్నాయి. బడ్జెట్ లేకపోతే ఖరీదైన క్యాప్ కోసం ఆరు నెలలు ఆగడం కంటే, మామూలు మెటల్ క్యాప్ ఇప్పుడే వేయించుకోవడం పన్నుకు మంచిది. లోపలి దవడ పన్ను మెటల్‌ది అయితే ఎవరికి కనిపిస్తుంది చెప్పండి?

"పై పన్ను జోలికెళ్తే కంటి చూపు పోతుంది"

ఈ మాట మన ఊళ్లలో తరాలుగా ఉంది. పై దవడ పళ్ల నరానికీ, చూపునిచ్చే ఆప్టిక్ నర్వ్‌కీ సంబంధం లేదు. రెండూ వేర్వేరు. పై పన్ను ఇన్‌ఫెక్షన్‌ను వదిలేస్తేనే వాపు కంటి కింది దాకా వస్తుంది. బహుశా ఆ వాపు చూసే ఈ భయం పుట్టి ఉంటుంది.

రూట్ కెనాల్ చేసిన పన్ను వల్ల ఒంట్లో రోగాలొస్తాయని సోషల్ మీడియాలో తిరిగే వీడియోలకు మూలం వందేళ్ల నాటిది. వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ డెంటిస్ట్ అప్పట్లో చేసిన ప్రయోగాలవి. తర్వాత జరిగిన పరిశోధనల్లో అవి నిలబడలేదు.

డాక్టర్‌కు ఇవి దాచొద్దు

షుగర్ ఉంటే చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే వేరు కొస దగ్గర ఎముక మానడం ఆలస్యమవుతుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపేయకూడదు. మామూలుగా రూట్ కెనాల్‌కు ఆపాల్సిన అవసరం రాదు, ఆపితే గుండెకు ప్రమాదం. గుండెలో కృత్రిమ వాల్వ్ ఉంటే ట్రీట్‌మెంట్‌కు ముందు యాంటీబయాటిక్ డోసు అవసరం పడొచ్చు, ముందే తెలియాలి. ఎముకలు గుల్లబారినందుకు మందులు వాడే పెద్దవాళ్లకు పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే రిస్క్ ఉంది. వాళ్ల విషయంలో పీకడం కంటే రూట్ కెనాల్ వైపే మొగ్గుతారు.

గర్భిణులు కూడా చేయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య కూర్చోవడానికి అనుకూలంగా ఉంటుంది. నొప్పి, చీము ఉంటే నెలలు లెక్కపెట్టుకుంటూ ఆగాల్సిన పని లేదు. అయితే ఐబుప్రోఫెన్ లాంటి పెయిన్ కిల్లర్లు డాక్టర్‌ను అడక్కుండా వేసుకోవద్దు. కిడ్నీ సమస్య, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

పీకించేసుకుంటే గొడవే ఉండదుగా..?

పీకడానికి అయ్యే ఖర్చు తక్కువే. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. ఖాళీ నింపాలంటే బ్రిడ్జ్ పెట్టాలి. దానికోసం మామూలుగా రెండు పక్కలా ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. లేదంటే ఇంప్లాంట్. దానికి నెలలు పడుతుంది, ఖర్చు కూడా రూట్ కెనాల్, క్యాప్ రెండూ కలిపిన దానికంటే సాధారణంగా ఎక్కువే. పన్ను నిలబడే స్థితిలో ఉంటే నిలబెట్టుకోవడమే చవక.

ఎవరి దగ్గర, ఎంత ఖర్చు?

బీడీఎస్ చదివిన డెంటిస్టులు రూట్ కెనాల్ చేస్తారు. వంకర దారులు, గతంలో ఫెయిలైన కేసులు అయితే ఇందులోనే ఎండీఎస్ చేసిన ఎండోడాంటిస్ట్ దగ్గరికి వెళ్లడం మంచిది. ఏ డాక్టర్‌కైనా స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. బోర్డు మీద ఆ నంబర్ లేకపోతే అడగొచ్చు.

ఫీజు ఊరిని బట్టి, పన్నును బట్టి, క్యాప్‌ను బట్టి మారుతుంది. అందుకే మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగండి. చెప్పిన రేటులో క్యాప్ కలిసి ఉందా? ఎన్ని సిట్టింగులు? ట్రీట్‌మెంట్ తర్వాత తీసే ఎక్స్‌రే కాపీ ఇస్తారా? మధ్యలో ఫైల్ ముక్క విరిగి లోపల ఉండిపోవడం అరుదుగా జరుగుతుంది. అలా జరిగినంత మాత్రాన పన్ను పోయినట్టు కాదు గానీ, ఆ సంగతి పేషెంట్‌కు చెప్పాల్సిందే.

ప్రైవేటులో భరించలేనివాళ్లు ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులకు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపల్లో ఇవి ఉన్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో స్టూడెంట్లు తక్కువ ఫీజుకే చేస్తారు. కాకపోతే క్యూ ఉంటుంది, సిట్టింగులు ఎక్కువ పడతాయి. ఓపిక ఉండాలి.

అమెరికా, గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చి ఇక్కడ చేయించుకునే తెలుగువాళ్లకు ఒక మాట. షాపింగ్, పెళ్లిళ్లు అయ్యాక చివరి నాలుగు రోజులకు దీన్ని పెట్టుకోవద్దు. దిగిన మొదటి వారంలోనే మొదలుపెడితేనే క్యాప్‌తో సహా పూర్తవుతుంది. లేకపోతే తాత్కాలిక సిమెంట్‌తోనే ఫ్లైట్ ఎక్కాల్సి వస్తుంది.

ఈ లక్షణాలుంటే డెంటల్ క్లినిక్ కాదు.. ఎమర్జెన్సీకే!

దవడ కింద, గొంతు వైపు వాపు గట్టిగా పాకుతోందా? మింగడం కష్టంగా ఉందా? నోరు తెరుచుకోవడం లేదా? ఊపిరి ఆడటం లేదా? కన్ను మూసుకుపోయేంత వాపు, దాంతో పాటు జ్వరం, చలి ఉన్నాయా? వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, లేదా 108కి ఫోన్ చేయాలి. పన్ను ఇన్‌ఫెక్షన్ నాలుక కిందికి, మెడలోకి దిగితే శ్వాసనాళం మూసుకుపోతుంది. అరుదే, కానీ ప్రాణం తీసేంత ప్రమాదకరం. వాపు మీద వేడి కాపడం పెట్టొద్దు, సూదితో పొడిచి చీము తీసే ప్రయత్నం అసలే చేయొద్దు.

క్యాప్ వేయించుకున్నాక..

క్యాప్ వేశాం కదా అని ఆ పన్నుకు బ్రష్ తప్పించొద్దు. క్యాప్‌కు పుచ్చు పట్టదు గానీ, దాని అంచు కింద ఉన్న అసలు పన్నుకు పడుతుంది. నరం లేదు కాబట్టి జివ్వుమని చెప్పదు కూడా. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి ఎక్స్‌రే తీయించుకుంటే వేరు కొస దగ్గర ఎముక మళ్లీ నిండుతోందో లేదో కనిపిస్తుంది. నిండకపోయినా కంగారు అక్కర్లేదు. రూట్ కెనాల్‌ను మళ్లీ చేయొచ్చు. అదీ కుదరకపోతే చిగురు తెరిచి వేరు కొసను మాత్రమే కత్తిరించే చిన్న సర్జరీ ఉంది. మొదటిసారి తీసిన ఎక్స్‌రే కాపీ ఇంట్లో భద్రంగా ఉంటే, ఆ రోజు డాక్టర్ మొదట అడిగేది అదే.